ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ గుర్తుపట్టడం ఎలా? మన లక్షణ దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఊరు నరసన్నపేట దగ్గర, ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు శ్రీకాకుళంలో బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ రెండో ఏడు. గైడులో ఉన్న 40 టర్మ్స్‌కీ డెఫినిషన్లు నోటికొచ్చు. కానీ పేపర్లో ఒక లైన్ ఇచ్చి ఇందులో ఏ ఫిగర్ ఉందో చెప్పమంటే మెటఫరో మెటానమీయో తేలదు. పేరు సరిగ్గా రాసినప్పుడు కూడా సగం మార్కులే పడుతున్నాయి. రేపు డీఎస్సీ రాయాలంటే టెన్షన్‌గా ఉంది అన్నారు.

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ఈ పేపర్ చాలా ఏళ్ళుగా చెబుతున్నాను, అందుకే కాస్త వివరంగానే రాస్తాను. తెలుగు మీడియం వల్లే ఈ ఇబ్బంది అని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఆ మాట మనసులోంచి తీసేయండి. హైస్కూల్లో ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి, శ్లేష, వృత్త్యనుప్రాస, ముక్తపదగ్రస్తం చదివే వచ్చారు. ఆ చదువు ఇక్కడ పనికొస్తుందని మీకెవరూ చెప్పలేదు, అంతే. ఇంగ్లిష్ క్లాసులో అడుగుపెట్టగానే ఇదంతా ఏదో కొత్త సబ్జెక్టు అన్నట్టు గైడు పట్టుకుని బట్టీ మొదలుపెట్టారు. డెఫినిషన్ నోటికి రావడం వేరు, అది వాక్యంలో పని చేస్తుంటే పట్టుకోవడం వేరు.

ముందు ఆ 40 పేర్లనీ రెండు కుప్పలు చేయండి. మాట తన మామూలు అర్థం వదిలి పక్కకు జరిగేవన్నీ ఒక కుప్ప: మెటఫర్, మెటానమీ, సినెక్డకీ, ఐరనీ, హైపర్‌బొలీ, పర్సానిఫికేషన్ లాంటివి. వీటిని ట్రోప్స్ అంటారు. అర్థం ఎక్కడికీ కదలకుండా మాటల అమరికలోనో చప్పుడులోనో విశేషం ఉండేవి రెండో కుప్ప: అలిటరేషన్, అనాఫొరా, యాంటిథెసిస్, కయాజ్మస్ లాంటివి. ఇవి స్కీమ్స్. మన అర్థాలంకారాలు, శబ్దాలంకారాల విభజనకు ఇది దగ్గరగానే ఉంటుంది కానీ అచ్చంగా అదే కాదు. ఇంగ్లిష్‌లో వాక్యం కట్టిన తీరు కూడా స్కీమ్ కిందికే వస్తుంది. ఈ రెండు కుప్పలనూ గుర్తుపట్టే పద్ధతులు వేరు. అది తెలియక అన్నిటికీ ఒకే పద్ధతి వాడటం వల్లే గందరగోళం అంతా.

మొదటి కుప్పకు మన దగ్గర పాత పనిముట్టు ఒకటుంది. దాని పేరు లక్షణ. "గంగాయాం ఘోషః" అని మన ఆలంకారికులు తరతరాలుగా చెప్పే ఉదాహరణ. గంగలో గొల్లపల్లె ఉంది అని. నీళ్ళ మీద పల్లె ఉండదు కదా. అంటే 'గంగ' అన్న మాటకు ఉన్న అసలు అర్థం ఇక్కడ కుదరదు. గంగనూ దాని గట్టునూ కలిపే సంబంధం ఉంది కాబట్టి, గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. మరి ఒడ్డున అనే అనొచ్చుగా, గంగలో అని ఎందుకన్నట్టు? ఆ పల్లె చల్లదనం, పవిత్రత వినేవాడి మనసుకు తట్టాలని. 11వ శతాబ్దపు సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు ఈ మూడు మెట్లనూ విడివిడిగా చెప్పాడు: ముఖ్యార్థం కుదరకపోవడం, దానితో ఏదో ఒక సంబంధం ఉండటం, రూఢి (అంటే వాడుకలో స్థిరపడిపోవడం) గానీ ప్రయోజనం గానీ ఉండటం.

ఇంగ్లిష్ పేపర్లో మీకు కావలసింది సరిగ్గా ఇదే. లైన్ ఇవ్వగానే పేరు వెతక్కండి. ఇందులో ఏ మాట నేరుగా తీసుకుంటే కుదరదు? ఆ మాటకూ, దాని వెనక ఉన్న అసలు సంగతికీ ఏమిటి సంబంధం? నేరుగా చెప్పకుండా ఇలా చెప్పడం వల్ల ఏం ఒరిగింది? ఈ మూడూ అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఫిగర్ పేరు. పోలిక సంబంధమైతే మెటఫర్. పోలిక ఏమీ లేకుండా పక్కపక్కన ఉండటం, ఒకదానిలో ఒకటి ఉండటం, పదవికీ దాని గుర్తుకూ ఉండే సంబంధం లాంటిదైతే మెటానమీ. ముక్కకూ మొత్తానికీ ఉండే సంబంధమైతే సినెక్డకీ. అన్న మాటకూ అనుకున్న దానికీ ఎదురు సంబంధమైతే ఐరనీ, మనవాళ్ళ విపరీత లక్షణకు దగ్గరిది. ఉన్నదాన్ని కావాలని పెంచి చెబితే హైపర్‌బొలీ. ఇక మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీకు పడకుండా పోతున్న ఆ సగం మార్కులు.

సిమిలీని ఈ ప్రశ్నల్లో ఇరికించవద్దు. 'లైక్' అనో 'యాజ్' అనో పెట్టి పోలికను బయటికే చెప్పేస్తుంది కాబట్టి అక్కడ అర్థం ఏమీ చెడదు. కానీ 'లైక్' కనిపించిందల్లా సిమిలీ కాదు. "షి లుక్స్ లైక్ హర్ మదర్" సిమిలీ కాదు, ఇద్దరూ మనుషులే, ఒకే జాతి. "హర్ మదర్స్ వాయిస్ వాజ్ లైక్ ఎ టెంపుల్ బెల్" సిమిలీ. వేరు వేరు జాతుల వస్తువులు రెండు ఉండాలి, వాటి మధ్య అనుకోని పోలిక ఒకటి కనిపించాలి. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు చదివారు గుర్తుందా? ఇంగ్లిష్ విమర్శలో మెటఫర్ గురించి మాట్లాడేటప్పుడు టెనర్, వెహికల్ అనే మాటలు వస్తాయి. విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో వాడుకలోకి తెచ్చిన మాటలవి. టెనర్ అంటే దాదాపు మీ ఉపమేయం, వెహికల్ అంటే ఉపమానం. ఉమ్మడి గుణాన్ని గ్రౌండ్ అంటారు. జవాబులో ఈ మూడూ వాడితే పేపర్ దిద్దేవారికి మీరు చదివి రాస్తున్నారని అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక వాక్యాన్ని పూర్తిగా విప్పి చూపిస్తాను. క్లాసులో బోర్డు మీద నేను రాసేదే ఇది: "ద హంగ్రీ రివర్ స్వాలోడ్ త్రీ విలేజెస్ అండ్ స్లెప్ట్." ఆకలిగొన్న ఏరు మూడు ఊళ్ళను మింగి నిద్రపోయింది. నాగావళి, వంశధార వరదలు ఎరిగిన వాళ్ళం, ఇది మనకు ఊహకు అందని వాక్యం కాదు.

ఏ మాట కుదరట్లేదు? ఏరుకు ఆకలి ఉండదు, మింగదు, నిద్రపోదు. సంబంధం ఏమిటి? ప్రాణం లేనిదానికి ప్రాణి లక్షణాలు అంటగట్టారు. కాబట్టి పర్సానిఫికేషన్. ఇది మెటఫర్‌లో ఒక రకమే. కానీ రెండు పేర్లూ సరిపోయే చోట ఎప్పుడూ ఇరుకైన పేరే రాయండి. ఇక్కడితో ఆపితే ఒక మార్కు. చాలామంది ఆపేది ఇక్కడే.

మూడో ప్రశ్నకు రండి. వరద వచ్చి మూడు ఊళ్ళు మునిగాయి అంటే అదొక వార్త. 'హంగ్రీ' అనగానే ఏరుకు ఒక అవసరం వచ్చినట్టయింది, జరిగింది ప్రమాదంలా కాక వేటలా కనిపిస్తుంది. 'స్వాలోడ్' అన్నారు, 'ఏట్' అనలేదు. నమలడం కూడా లేదు, ఒక్క గుటక. మూడు ఊళ్ళ ఇళ్ళూ పశువులూ పంటా అన్నీ ఒక్క ముద్ద అయిపోయాయి. ఇక ఆఖరి మాట చూడండి. 'అండ్' అనే చిన్న మాట మింగడాన్నీ నిద్రపోవడాన్నీ పక్కపక్కన సమానంగా నిలబెట్టింది. 'స్లెప్ట్' ఒకే ఒక్క సిలబుల్, వాక్యం అక్కడే టక్కున ఆగిపోయింది. ఏరుకు కోపం ఉందని గానీ పశ్చాత్తాపం ఉందని గానీ రచయిత అనలేదు. మనకు భయం వేసేది ఆ నిశ్చింత చూసే. ఇంకా ఓపిక ఉంటే 'విలేజెస్' పట్టుకోండి. ఊళ్ళు అన్నారు కానీ ఆ ఊళ్ళలో ఉన్నవన్నీ అని కదా అర్థం. ఉన్న చోటును చెప్పి అందులో ఉన్నవాటిని సూచించడం మెటానమీ.

ఇందులోంచి నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో సొంతంగా రాయగలిగితే మీకు పూర్తి మార్కులు రాకుండా ఎవరూ ఆపలేరు. "ఇట్ యాడ్స్ బ్యూటీ టు ద పొయెమ్" అన్న వాక్యం మాత్రం దయచేసి రాయకండి. ఆ వాక్యం ఏ పద్యానికైనా, ఏ ఫిగర్‌కైనా అతుకుతుంది, అంటే దేని గురించీ ఏమీ చెప్పదు. 'స్వాలోడ్' ఎందుకు, 'ఏట్' ఎందుకు కాదు అన్న ప్రశ్నకు రాసే జవాబే అసలైన జవాబు.

మెటానమీ, సినెక్డకీ తేడా దగ్గర మీరు ఎక్కువ తడబడుతున్నారు కాబట్టి ఇంకాస్త. మనం రోజూ వాడే మాటలే చూడండి. "పైడితల్లి సిరిమాను రోజున విజయనగరం నిద్రపోదు." విజయనగరం అంటే అక్కడి జనం. ఊరు వాళ్ళు ఉండే చోటు, వాళ్ళ ఒంట్లో భాగం కాదు. మెటానమీ. "ఢిల్లీ ఒప్పుకోలేదు" అన్నా అంతే. "ఆ ఇంట్లో ఆరు నోళ్ళు, సంపాదించేది రెండు చేతులు." నోరు మనిషిలో భాగం, చేయి మనిషిలో భాగం. సినెక్డకీ. ఇంగ్లిష్‌లో రాజరికాన్ని 'క్రౌన్' అంటే మెటానమీ, కిరీటం తీసి పక్కన పెట్టొచ్చు. ఓడలో పనివాళ్ళను 'హ్యాండ్స్' అంటే సినెక్డకీ. పైగా ఆరు నోళ్ళు, రెండు చేతులు అన్నప్పుడు ప్రయోజనం కూడా చూడండి. తినేటప్పుడు మనిషిని నోరుగా, సంపాదించేటప్పుడు చేయిగా చూపించడంతో ఆ ఇంటి లెక్క మొత్తం కళ్ళముందుకొచ్చింది. కొన్ని చోట్ల రెండూ కలిసిపోతాయి. సినెక్డకీని మెటానమీలో ఒక రకంగా లెక్కించే విమర్శకులూ ఉన్నారు. అలాంటి చోట ఏ పేరు రాసినా, సంబంధం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పేయండి, సరిపోతుంది.

లైటోటీజ్, యూఫమిజం డెఫినిషన్లు చూసి భయపడతారు కానీ ఈ రెండూ మన ఇళ్ళలో పొద్దున లేస్తే వినబడేవే. "ఆయనేం తక్కువవాడు కాదు" అన్నామంటే గట్టివాడని. కాదు అనే మాటతో అవును అని గట్టిగా చెప్పడం, అది లైటోటీజ్. "హి ఈజ్ నో ఫూల్" అన్నా ఇదే. ఇంట్లో బియ్యం అయిపోతే అమ్మ "నిండుకున్నాయి" అంటుంది. దీపం ఆరిపోయింది అనకుండా "కొండెక్కింది" అంటాం. అశుభం నోట రాకూడదని మెత్తటి మాట వెతుక్కోవడం యూఫమిజం. "హి పాస్డ్ అవే" చదివినప్పుడు ఇవి గుర్తు తెచ్చుకోండి. జ్యూగ్మా కూడా అంతే. "అత్తగారు అన్నమూ శాపనార్థాలూ కలిపే పెట్టింది" అంటే 'పెట్టింది' అనే ఒక్క క్రియ రెండు రకాల పనులకు సరిపోయింది. "హి లాస్ట్ హిజ్ కీస్ అండ్ హిజ్ టెంపర్" అలాంటిదే.

ఐరనీ మూడు రకాలు. వెర్బల్ ఐరనీ అంటే "అబ్బో, మహా తొందరగా వచ్చావే" అని గంట ఆలస్యంగా వచ్చినవాడితో అనడం. సిట్యుయేషనల్ ఐరనీ అంటే ఆశించినదానికి సరిగ్గా ఎదురుగా జరగడం: రిజర్వాయర్ పక్కనున్న ఊరికి తాగునీళ్ళు ట్యాంకర్లో రావడం. అనుకోకుండా జరిగిన ప్రతిదాన్నీ ఐరనీ అని రాసేస్తున్నారు పిల్లలు. రైలు తప్పిపోయిన రోజే వాన పడటం ఐరనీ కాదు, అది కాకతాళీయం.

డ్రమాటిక్ ఐరనీకి మన దగ్గరున్నంత మంచి ఉదాహరణ నేనింకెక్కడా చూడలేదు. 1757 బొబ్బిలి యుద్ధం కథ తీసుకోండి. ఫ్రెంచి బుస్సీ సేన సాయంతో బొబ్బిలి కోట పడగొట్టి, విజయనగరం రాజు విజయరామరాజు గెలిచానన్న నిశ్చింతతో డేరాలో నిద్రపోతాడు. కథ చూస్తున్న జనానికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆ రాజును చంపడానికి వస్తున్నాడని తెలుసు. రాజుకు తెలియదు. అప్పుడు ఆ రాజు నోట వచ్చే ప్రతి ధీమా మాటా మనకు ఇంకోలా వినబడుతుంది. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉండటం, ఆ తేడా వల్ల మాటకు రెండో అర్థం రావడం. ఈ రెండో ముక్క కూడా రాయాలి. చాలా గైడుల్లో మొదటి ముక్కే ఉంటుంది.

ఇక రెండో కుప్ప. దీనికి ఆ మూడు ప్రశ్నల్లో మొదటి రెండూ అక్కర్లేదు. గట్టిగా చదివి, తిరిగి తిరిగి వచ్చే మాటల కింద పెన్సిల్‌తో గీత గీయండి. గీతలు వాక్యాల మొదట్లో పడితే అనాఫొరా. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ "ఐ హావ్ ఎ డ్రీమ్" అంటూ వాక్యం తర్వాత వాక్యం మొదలుపెట్టింది ఇదే. చివర్లో పడితే ఎపిస్ట్రఫీ: 1863లో గెటిస్‌బర్గ్ దగ్గర లింకన్ అన్న "ఆఫ్ ద పీపుల్, బై ద పీపుల్, ఫర్ ద పీపుల్". ఒక ముక్క చివరి మాట తర్వాతి ముక్కకు మొదటి మాట అయితే అనడిప్లోసిస్. అది మీరు చదువుకున్న ముక్తపదగ్రస్తమే. "వానొస్తే నీళ్ళు, నీళ్ళొస్తే నాట్లు, నాట్లు పడితే గింజలు" అని రైతు అనేదాంట్లో ఉన్నది అదే. మాటలు తలకిందులై తిరిగి వస్తే కయాజ్మస్. 1961లో కెనెడీ ప్రమాణ స్వీకార ప్రసంగంలో దేశం నీకేం చేస్తుందని కాదు, నువ్వు దేశానికేం చేస్తావో అడుగు అన్నాడు. దేశం, నువ్వు, నువ్వు, దేశం అని వరస తిరగబడింది చూడండి.

కొన్ని వాక్యాల్లో రెండు కుప్పలూ కలిసే ఉంటాయి. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ చేసిన ప్రసంగంలో, ప్రపంచం నిద్రపోతుండగా భారతదేశం మేలుకుంటుంది అన్న వాక్యం ఉంది. నిద్రకూ మెలకువకూ మధ్య యాంటిథెసిస్, అంటే ఎదురెదురు భావాలను పక్కపక్కన నిలపడం, అందరూ రాస్తారు. కానీ మొదటి ప్రశ్న వేసి చూడండి. మనకు అర్ధరాత్రి అయితే న్యూయార్క్‌లో పట్టపగలు. ప్రపంచమంతా నిద్రపోవడం నేరుగా నిజం కాదు, పెంచి చెప్పిన మాట, అంటే హైపర్‌బొలీ. అలా అనడం వల్ల ఆ ఒక్క క్షణంలో మేలుకున్నది మనమే అన్న భావం వచ్చింది. పరీక్షలో ఇది గమనించి రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

అలిటరేషన్ దగ్గర మీకు తెలుగు లిపి ఎంతో మేలు చేస్తుంది. అలిటరేషన్ అంటే దగ్గర దగ్గర మాటలు ఒకే హల్లు శబ్దంతో మొదలవడం, దాన్ని చూడాల్సింది చప్పుడులో, స్పెల్లింగ్‌లో కాదు. లైన్‌ను తెలుగులో రాసి చూడండి. 'నైఫ్', 'నీ', 'నైట్' అని రాయగానే మూడూ 'న'తోనే మొదలవుతున్నాయని కనిపిస్తుంది, స్పెల్లింగ్‌లో ముందు ఉన్న 'కె' మోసం చేయదు. 'సిటీ', 'క్యాట్' రెండిటికీ మొదటి అక్షరం 'సి' అయినా అలిటరేషన్ కాదని తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: 'వి', 'డబ్ల్యూ' రెండిటినీ మనం 'వ' అనే రాస్తాం, ఇంగ్లిష్‌లో అవి వేరు శబ్దాలు. 'జడ్', 'జె' విషయంలోనూ అంతే. ఆ రెండు చోట్ల మాత్రం స్పెల్లింగ్ కూడా చూసుకోండి.

రెటారికల్ డివైస్ అని అడిగితే అరిస్టాటిల్ చెప్పిన ఈథాస్, పేథాస్, లోగాస్ కూడా రాయాలా అని అడిగారు. అవి ఫిగర్స్ కావు, ఎదుటివాణ్ణి ఒప్పించే మూడు దారులు. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళ కోసం బస్సు వేయమని ఎవరైనా అర్జీ రాశారనుకోండి. "ఈ మండలంలో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేస్తున్నాను" అంటే ఈథాస్, చెప్పేవాళ్ళ మీద నమ్మకం. ఎంతమంది, వారానికి ఎన్నిసార్లు, ఎంత దూరం అని లెక్క చూపిస్తే లోగాస్. సూది గుచ్చిన చేత్తో బస్సు కోసం ఎండలో నిలబడ్డ ఒక తల్లి గురించి రాస్తే పేథాస్. ఈ మూడింటికీ కావలసిన బలాన్ని ఫిగర్స్ ఇస్తాయి. ప్రసంగం ఇచ్చి విశ్లేషించమంటే ముందు దారి ఏదో చెప్పి, ఆ తర్వాత ఏ ఫిగర్ దానికి ఎలా సాయపడిందో రాయండి.

టోన్, మూడ్ ఒకటే అనుకోకండి. టోన్ రాసినవారి వైఖరి, మూడ్ చదివేవారికి కలిగే వాతావరణం. సింబల్‌కూ మెటఫర్‌కూ తేడా కూడా చిన్నదే. కథలో చనిపోయిన తండ్రి సైకిల్ అరుగు మీదే ఉండిపోయింది అంటే అది నిజంగా సైకిలే, దాంతోపాటు ఆయన లేని లోటు కూడా. మొదటి ప్రశ్నకు "అన్నీ కుదురుతున్నాయి" అని జవాబు వచ్చి, అయినా ఆ వస్తువు కథలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే సింబల్ అని అనుమానించండి.

సాధనకు గైడు వద్దు. లైబ్రరీలో ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ ఒకటి తీసుకుని, నేరుగా కుదరని మాటల కింద గీతలు గీసి, పక్కన సంబంధం ఒక మాటలో రాయండి. పేరు తర్వాత చూసుకోవచ్చు. హెడ్‌లైన్లలో మెటానమీ కుప్పలుగా దొరుకుతుంది.

ఇంటర్వ్యూకో వైవాకో వెళ్ళేముందు పేర్లు పలకడం కూడా సరిచూసుకోండి, స్పెల్లింగ్ చూసి చదివితే దెబ్బతింటారు. సినెక్‌డోచ్ కాదు, సినెక్డకీ. హైపర్‌బోల్ కాదు, హైపర్‌బొలీ. సిమైల్ కాదు, సిమిలీ. చియాస్మస్ కాదు, కయాజ్మస్. ఎపిస్ట్రోఫ్ కాదు, ఎపిస్ట్రఫీ. ఫోన్‌లో డిక్షనరీ తెరిచి స్పీకర్ గుర్తు నొక్కితే వినిపిస్తుంది, విని రెండుసార్లు పైకి అనండి.